అల్లుడి లారీలో మూడు ఊళ్లు

ఈ ప్రయాణం చేసి రెండు ఎండాకాలాలు గడిచాయి. అప్పుడే రాయకపోవడానికి కారణం ఒక్కటే. నాకు అప్పటికి రాయడం రాదు. నా వయసంతా మిర్యాలగూడ రైసు మిల్లులో నూకలు, తవుడు ఎత్తే పనిలో పోయింది. ఆ పనికి అక్షరాలతో అవసరం లేదు. మోకాళ్లు మొరాయించాక ఇంట్లో కూర్చున్నాను. మా వీధి బడి వరండాలో సాయంత్రాలు పెద్దవాళ్లకు చదువు చెబుతున్నారంటే, గాలికి కూర్చోవచ్చని వెళ్లాను. ఈ ప్రయాణం నాటికి దుకాణాల బోర్డులు కూడబలుక్కుని చదవగలిగేదాన్ని, అంతే. రాయడం ఈమధ్యే చేతికి వచ్చింది. ఒత్తులు ఇంకా ఇబ్బంది పెడతాయి. వాటిని మా టీచరమ్మ దిద్దింది. మిగతాదంతా నాదే.

మా ఊళ్లో లారీ కనబడని వీధి లేదు. కానీ లారీ ఎక్కిన ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారని అడిగితే, నాకు తెలిసి నేనొక్కదాన్నే. ఎక్కనివాళ్ల కోసం రాస్తున్నాను.

మిర్యాలగూడ

మా అమ్మాయి రేణుక భర్త నాగరాజు బియ్యం లారీ నడుపుతాడు. లారీ ఆయనది కాదు, సేటుది. ఈ ప్రయాణానికి ముందటి వానాకాలం కోతలప్పుడు నేరేడుచర్ల దాటాక ఆ లారీ రోడ్డు దిగి పొలంలోకి పోయింది. బోల్తా పడలేదు, ఒక పక్కకు ఒరిగి ఆగింది. పై వరస బస్తాలు మడిలో పడ్డాయి. నాగరాజుకు దెబ్బ తగల్లేదు. కుక్క అడ్డం వచ్చిందని చెప్పాడు. సేటు ఆ మాట నమ్మలేదు. లారీ బాగు చేయించి, మేము బయలుదేరడానికి నెల ముందు అద్దానికి లోపలి వైపు రెండు చిన్న కెమెరాలు పెట్టించాడు. ఒకటి రోడ్డు మీది తెల్ల గీతలను చూస్తుందట. బండి గీత దాటితే కీచుమని అరుస్తుంది. రెండోది డ్రైవర్ మొహం చూస్తుందట. కళ్లు వాలినా, రెప్ప కొట్టకుండా నిలిచిపోయినా అరుస్తుంది. అరిచిన ప్రతిసారీ ఆ వీడియో సేటు ఫోనుకు పోతుంది.

"ఇంకోపారి బండి రోడ్డు దిగిందంటే, నువ్వు బండి దిగుడే," అని సేటు నాగరాజుకు చెప్పాడు.

రేణుక నన్ను పిలిపించింది.

"అమ్మా, ఈ ట్రిప్పుకు జర నువ్వు ఆయనతోని పో. నువ్వు పక్కన కూసుంటే ఆయన కన్ను మూయడు."

"గా మిషన్ పెట్టిన్రు గదనే?"

"మిషన్‌కు సిగ్గుపడతడా మనిషి?"

ఈ మాట అర్థం కావాలంటే మా ఇళ్ల పద్ధతి తెలియాలి. మాలో అత్త అల్లుడి ఎదురుగా కూర్చోదు. ఆయన ఇంటికి వస్తే కొంగు సర్దుకుని తలుపు పక్కకు జరుగుతుంది. చెప్పాల్సింది కూతురికి చెబుతుంది, అల్లుడు వింటాడు. ఆయన కూడా అత్త ఎదుట బీడీ ముట్టించడు, కాలు మీద కాలు వేయడు. ఆవలింత వస్తే మొహం పక్కకు తిప్పుకుంటాడు. అలాంటి ఇద్దరం మూడు రోజులు ఒకే క్యాబిన్‌లో కూర్చోవాలి.

బయలుదేరింది శుక్రవారం. రేణుక ప్రతి శుక్రవారం లారీకి పూజ చేస్తుంది. ముందు బంపర్‌కు పసుపు రాసి కుంకుమ పెట్టింది. టైర్లకు, స్టీరింగ్‌కు పెట్టింది. తర్వాత క్యాబిన్ ఎక్కి అద్దానికి అతికించిన రెండు కెమెరాలకు, గుండ్రంగా మెరిసే చోట ఒక్కో బొట్టు పెట్టింది. బండిలోకి కొత్తగా వచ్చిన వస్తువులు కదా. నాకు కూడా చూడముచ్చటగానే అనిపించింది.

అంతలో సేటు ఫోను చేశాడు. నాగరాజు స్పీకర్‌లో పెట్టాడు.

"నెల దినాల సంది నీ మిషన్ మూగబోయింది. ఒక్క వీడియో వస్తలేదు. కోదాడల దింపుడు ఉంది గద, గాడనే బిగించినాయనకు చూపియ్యి."

"మూగబోలే సేటు. నేను మంచిగ నడుపుతున్న. అందుకే ఒర్రుతలేదు."

రేణుక నా వైపు గర్వంగా చూసింది.

లారీ మెట్టు నా నడుం ఎత్తున ఉంది. ఎక్కుతుంటే ఒక చెప్పు జారి కింద పడింది. మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్ దాన్ని అందిస్తూ, "ఏం సైదమ్మక్కా, లైసెన్స్ ఎప్పుడొచ్చె?" అన్నాడు. ఆయనా నేనూ పాత పరిచయం. నవ్వి ఊరుకున్నాను. తలుపు వేశాక చూస్తే కొంగు చివర బయట ఉండిపోయింది. అల్లుడితో చెప్పడానికి మొహమాటపడి, హుజూర్‌నగర్ దాకా అలాగే కూర్చున్నాను.

చిలుకూరు దగ్గర చాయ్

యాసంగి కోతల కాలం. దారి పొడవునా సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. వాటి మీదికి బండ్లు రాకుండా చుట్టూ రాళ్లు పెడతారు. మా మిల్లుకు వచ్చే వడ్లు ఇలాగే ఆరతాయని తెలుసు కానీ, లారీ పైనుంచి ఎప్పుడూ చూడలేదు. వడ్లు తెల్ల గీతను కప్పేశాయి. ఒక రాశి తప్పించడానికి కుడికి, ఎదురు బస్సు వస్తే మళ్లీ ఎడమకు, నాగరాజు స్టీరింగ్ తిప్పుతూనే ఉన్నాడు. ఎడమ చక్రాలు తారు అంచు మీద పోతున్నప్పుడు నాకు కింద మట్టి మాత్రమే కనిపించేది. మిషన్ ఒక్కసారి కూడా అరవలేదు. దాని ముందున్న చిన్న డబ్బా మీద పసుపు రంగు దీపం మాత్రం వెలుగుతూ ఉంది.

ఊరు రాకముందు తాటాకు పందిరి కింద ఒక చాయ్ హోటల్ ఉంది. నడిపేది నా ఈడు మనిషి. పది రూపాయల చాయ్. మా దగ్గర గ్లాసు చిన్నది, చాయ్ చిక్కన. ఇక్కడ గ్లాసు పెద్దది, అల్లం ఘాటు ఎక్కువ.

"కొడుకా?" అని లారీ వైపు చూపించి అడిగింది.

"అల్లుడు."

"అల్లుని లారీలనా! మా అత్త ఉంటే నిన్ను జూసి బావిల దుంకేది."

హోటల్ ముందు వరసగా పెద్ద బండరాళ్లు పాతి ఉన్నాయి. ఎందుకని అడిగాను.

"పోయిన ఏడు ఒక లారీ నాకాడికే వచ్చింది. చాయ్‌కి గాదు. రోడ్డు దిగి, పందిరి గుంజలు ఇరుసుకుంట పొయ్యి దాక వచ్చి ఆగింది. గప్పుడు నేను పాల కోసం ఇంట్లకు పోయిన. డ్రైవర్ దిగి, 'నేను యాడున్న' అని నన్నే అడుగుతడు."

"మరి గీడనే ఉన్నవేంది?"

"యాడికి పోత? లారీలు వస్తెనే బేరం. ఇగ గిట్ల రాకుండ బండలు పాతిన, పొయ్యి ఎనకకు జరిపిన. గంతే నాతోని అయ్యేది."

నాగరాజు దూరంగా, నాకు వీపు పెట్టి నిలబడి చాయ్ తాగాడు. బీడీ కాల్చి ఉంటాడు. పొగ కనిపించింది. నేను చూడనట్టు ఉన్నాను.

కోదాడ

కోదాడలో మాట మారుతుంది. మనం "ఏందమ్మా" అనేచోట వాళ్లు "ఏంటండీ" అంటారు. ముక్కు మీద కోపం ఉన్న మనిషి కూడా తిట్టాక అండీ పెడతాడు. సగం బస్తాలు ఇక్కడ ఒక బియ్యం కొట్టు దగ్గర దింపాలి, మిగతావి సూర్యాపేట గోదాంలో. హమాలీలు దింపుతుండగా కెమెరాలు బిగించిన ఆయన బండి దగ్గరికే వచ్చాడు. పేరు కిరణ్. ముప్పై దాటి ఉంటాయి, మెడలో తాడుకు కళ్లజోడు వేలాడుతోంది.

ఆయన క్యాబిన్ ఎక్కి ఒక్క క్షణం చూసి, కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చూశాడు.

"ఇదేంటండీ?"

"బొట్టు," అన్నాడు నాగరాజు. "మా ఇంటామె శుక్రవారం శుక్రవారం పెడ్తది."

"కంట్లో పెట్టిందండీ!"

కిరణ్ నవ్వు ఆపుకోలేకపోయాడు. బస్తాలు మోసే హమాలీలు కూడా వచ్చి చూసి నవ్వారు. నాగరాజు నవ్వలేదు.

"మరి ఈ పసుపు లైటు?" అని అడిగాడు కిరణ్.

"అది మంచిగ నడుస్తున్నట్టు గదా?"

"నాకేం కనపడట్లేదు మొర్రో అని చెప్పటమండీ అది. నెల రోజుల్నుంచి చెబుతా ఉంది పాపం."

తడి గుడ్డతో రెండు కెమెరాలూ తుడిచాడు. పాత బొట్ల మీద కొత్త బొట్లు పడి గట్టిగా పేరుకుపోయి ఉన్నాయి. గోటితో గీకాల్సి వచ్చింది. పసుపు దీపం ఆరి ఆకుపచ్చది వెలిగింది. నాగరాజు ఆ పచ్చ దీపం వైపు చూస్తూ ఉండిపోయాడు. నెల రోజులుగా తాను మంచిగా నడిపాడన్న ధీమా ఆ గుడ్డతోనే పోయిందని నాకు అర్థమైంది.

కొట్టు అరుగు మీద కూర్చుని నేను కిరణ్‌ను అడిగాను, అసలు లారీలు రోడ్డు ఎందుకు దిగుతాయని. విసుక్కోకుండా చెప్పాడు.

"ముందు డ్రైవర్ ధ్యాస పోద్దమ్మా, తర్వాత బండి పోద్ది. నిద్రనండి, ఫోననండి, ఏదో ఒకటి. మెల్లగా పక్కకి జరుగుతా ఉంటది. ఎడమ చక్రం మట్టిలో పడగానే డ్రైవర్ ఉలిక్కిపడి స్టీరింగ్ ఒక్కసారే కుడికి లాగేస్తాడు. పైన అంత బరువు ఉంది కదా, అప్పుడు పడిపోద్ది. లాగకుండా, వేగం తగ్గించుకుని నిదానంగా పైకి తెచ్చుకుంటే చాలాసార్లు బయటపడొచ్చు. కానీ నిద్రలోంచి లేచినోడికి నిదానం ఎక్కడ్నుంచి వస్తది? అందుకే చక్రం గీత మీదున్నప్పుడే ఇది అరిచి లేపుద్ది."

"గీత లేని కాడ? వడ్లు పోసిన కాడ?"

"గీత లేకపోతే దానికి రోడ్డు లేనట్టేనమ్మా. నోరు మూసుకుంటది. మొహం చూసే కెమెరా మాత్రం ఎక్కడైనా పని చేస్తది. కొత్త బండ్లలో ఇంకోటి వస్తోంది. బండి అడ్డం తిరగబోతే ఏ చక్రానికి ఎంత బ్రేకు కావాలో అదే వేసుకుంటది. మీది పాత బండి. దీనికి అరవటం ఒక్కటే వచ్చు. లేచి కాసుకోవాల్సింది డ్రైవరే."

పోతూ పోతూ నాగరాజుతో, "పూజ వద్దనను అన్నా. బొట్టు కెమెరా వెనకాల పెట్టమనండి," అన్నాడు.

ఆ రాత్రి కొట్టు యజమాని భార్య నన్ను తమ ఇంట్లో పడుకోమంది. చింతచిగురు పప్పు, సొరకాయ పులుసు పెట్టింది. పులుసులో బెల్లం వేసింది. మా ఇంట్లో పులుసు తియ్యగా ఉంటే పాడైందనుకుంటాం. మర్యాదకు రెండోసారి కూడా వేసుకున్నాను. అది నాకు నచ్చిందనుకుని ఆమె పొద్దున కూడా అదే వేడి చేసి పెట్టింది.

నాగరాజు లారీలోనే ఉన్నాడు. పొద్దున చూస్తే మిగిలిన బస్తాలను హమాలీలు ఒకే పక్కకు వదిలేసి పోయారని, వాళ్లను మళ్లీ పిలిపించి రెండు వైపులా సమంగా సర్దించుకుంటున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. దుమ్ము అనుకున్నాను.

సూర్యాపేట దారి

కోదాడ దాటితే పెద్ద రోడ్డు. నల్లగా, నున్నగా, రెండు వైపులా తెల్ల గీతలతో ఉంటుంది. అంతకు ముందు రోజు మూగగా ఉన్న మిషన్ ఇప్పుడు ఊపిరి తిప్పుకోనివ్వలేదు. ఆటోను దాటితే కీచు. లైటు వేయకుండా గీత మారితే కీచు. అరిచినప్పుడల్లా నాగరాజు నోటికి ఒక తిట్టు వచ్చేది. పక్కన నేనున్నానని గుర్తొచ్చి సగంలో మింగేవాడు.

"మీ అ..." అని ఆపి, "మీ ఆరోగ్యం మంచిగుందా అత్తమ్మా?" అన్నాడు ఒకసారి. మంచిగుందన్నాను.

ఎండ పెరిగాక ఒక హోటల్ దగ్గర ఆగి అన్నం తిన్నాం. ప్లేటు భోజనం మా దగ్గరికన్నా ఇరవై రూపాయలు ఎక్కువ, పెరుగు మాత్రం పలచన. మళ్లీ బయలుదేరాక మునగాల దాటింది. కిటికీలోంచి వేడిగాలి కొడుతోంది. చాలాసేపటి నుంచి మిషన్ అరవలేదు. అల్లుడి మొహం చూడటం మా పద్ధతి కాదు కాబట్టి నేను రోడ్డునే చూస్తున్నాను. తెల్ల గీత మెల్లగా నా కిందికి వస్తోంది. ఎందుకు వస్తోందా అని మాత్రమే అనుకున్నాను. భయం కలగలేదు. అంత మెల్లగా వచ్చింది అది.

మిషన్ అరిచింది. ఇంతకు ముందులా ఒక్క కీచు కాదు, రెండు గొంతులతో, ఆగకుండా అరిచింది. నేను తల తిప్పి నాగరాజు మొహం చూశాను. కళ్లు తెరిచే ఉన్నాయి. మనిషి లేడు.

"అల్లుడా!" అన్నాను.

ఎడమ చక్రాలు తారు దిగాయి. లారీ కింద కంకర కొట్టుకున్న చప్పుడు. నాగరాజు చేతులు స్టీరింగ్ మీద బిగుసుకున్నాయి. ముందు ఒక కల్వర్టు గోడ కనిపిస్తోంది. లాగేస్తాడనుకున్నాను. లాగలేదు. బ్రేకు మీద కాలు పెట్టి, లారీని అలాగే మట్టిలో పోనిచ్చి, వేగం చచ్చాక ఆపాడు. గోడకు, మాకు మధ్య ఇంకో లారీ పట్టేంత చోటు ఉంది.

ఇద్దరం దిగాం. ఆయన చక్రాల చుట్టూ తిరిగి చూశాడు. నేను రోడ్డు పక్కన కూర్చున్నాను.

"కుక్క వచ్చిందా?" అని అడిగాను.

"లేదు," అన్నాడు.

దాబా

సూర్యాపేట ముందున్న దాబా దగ్గర ఆగాం. నులక మంచాలు వేసి ఉన్నాయి. సిమెంటు లారీ నడిపే బాలు నాయక్ అనే పెద్దాయన మా పక్క మంచం మీద ఉన్నాడు. తండా మనిషి. పక్కనున్న తన వాళ్లతో లంబాడీలో, మాతో తెలుగులో, దాబా ఆయనతో ఉర్దూలో మాట్లాడుతున్నాడు. అత్త అల్లుడి లారీలో వస్తోందని తెలిసి మంచం మీదే లేచి కూర్చున్నాడు.

"అన్నా, మిషన్ ఒకటి, అత్త ఒకటి, రెండు పెట్టిండా నీ సేటు? మా అత్తను నా పక్కన కూసోబెడితే నేను రోడ్డు గాదు, దేశమే దిగిపోత."

నాగరాజు కూడా ఆ రోజు మొదటిసారి నవ్వాడు. తర్వాత జరిగింది చెప్పాడు. బాలు నాయక్ నవ్వడం ఆపాడు.

"కండ్లు తెరుసుకొనే పోయినవా? గదే పాడు నిద్ర. నాకూ అయింది. ఎవ్వనికి చెప్పుకోం గానీ అందరికీ అయితది."

"వీడియో సేటు సూస్తడు. బండి పాయె ఇగ."

"నాకు పెట్టిన్రు గా మిషన్. నేనేం జేసిన? బంతిపూల దండ కట్టిన. పూలు గాలికి ఊగుతయి, కెమెరాకు అడ్డం వస్తయి. దేవునికి కట్టిన దండ తియ్యమని ఏ సేటన్న అంటడా?" అని మళ్లీ మంచం మీద వాలాడు. "మల్ల నువ్వు నా లెక్క చెయ్యకు. నేను ముసలోన్ని, ఎట్లైన ఖతమైత."

పోయేముందు నాకు తన దగ్గరున్న సీతాఫలం సోడా ఒకటి ఇప్పించాడు. అలాంటిది ఉంటుందని నాకు తెలియదు. పండు రుచి లేదు, సబ్బు వాసన వచ్చింది. తాగేశాను.

సూర్యాపేట

గోదాం ముందు మా కంటే ముందు చాలా లారీలు ఉన్నాయి. నాగరాజు బజారుకు పోయి వచ్చాడు. చేతిలో చిన్న కుంకుమ పొట్లం ఉంది. అప్పటిదాకా ఏ మాటైనా ఎటో చూస్తూ చెప్పేవాడు. ఇప్పుడు నా ఎదురుగా నిలబడ్డాడు.

"అత్తమ్మా, నువ్వు పెద్దదానివి. నీ చేత్తోని గా రెండిటికి బొట్టు పెట్టు."

నేను పొట్లం అందుకోలేదు.

"నేను పెడితే సేటు అడుగుతడు. నువ్వు పెడితే, ముసలామెకు తెల్వక పెట్టిందంట. అయిపాయె. నిద్రది ఒక్కటే పోయింది, అదైతే కాళ్లు మొక్కి ఆపుకుంట. ఇంకో నాలుగు పోతే నేను ఆపలేను. నీ బిడ్డ, పిల్లలు ఏం తినాలె?"

ఆయన అన్నది అబద్ధం కాదు. బండి పోతే మళ్లీ ఇంకో సేటు ఇచ్చేదాకా ఇల్లు నడవదు. మిల్లులో రేణుకకు నేను చేసిన పనే దొరుకుతుంది. ఇదంతా ఆలోచించాను. మునగాల దగ్గర చూసిన కళ్లను కూడా ఆలోచించాను.

"పెట్టను," అన్నాను.

"ఎందుకు?"

"ఇందాక నేను పక్కన్నే ఉన్న. నన్ను జూసి మీకు సిగ్గయిందేమో గానీ, నిద్రకు సిగ్గు లేదాయె. గది అరిస్తెనే లేచిన్రు."

ఆయన పొట్లం జేబులో పెట్టుకుని లారీ మెట్టు మీద కూర్చున్నాడు. అప్పుడు నేనే అడిగాను, చివరిసారి ఎప్పుడు నిద్రపోయారని. అల్లుడిని అలాంటి మాట అడగడం నాకు కొత్త.

"పండుకునుడా?" అని వేళ్ల మీద లెక్కపెట్టబోయి వదిలేశాడు. తర్వాత చెప్పాడు. మిల్లు ముందు లారీలకు సీరియల్ ఉంటుంది. లోడుకు వచ్చిన లారీలు గేటు నుంచి రోడ్డు దాకా బారు కడతాయి. ముందు లారీ లోపలికి పోతే వెనకవన్నీ ఒక్కో బండి పొడుగు ముందుకు జరగాలి. జరగకపోతే వెనకవాడు దూరి సీరియల్ కొట్టేస్తాడు. కాబట్టి రాత్రంతా డ్రైవర్ స్టీరింగ్ ముందే ఉండాలి. కునుకు పట్టగానే హారన్ కొడతారు. తెల్లారి లోడు కాగానే బండి రోడ్డెక్కాలి. కోదాడలో అయితే కూరగాయల వాళ్ల కోసం బండి తియ్యమని రాత్రి రెండుసార్లు లేపారట.

"లైన్ల ఉంటే అందరు రెస్టు అనుకుంటరు," అన్నాడు. "సేటు గూడ గదే అంటడు. బండి నిలబడే ఉంది గద, నీకేం పని అంటడు."

మిల్లులో ఇన్నేళ్లు పనిచేసి నేను కూడా అదే అనుకున్నాను. గేటు బయట బారులు తీరిన లారీలు రోజూ చూసేదాన్ని. వాటిలో మనుషులు పడుకుని ఉంటారనుకునేదాన్ని.

అప్పుడే సేటు ఫోను వచ్చింది. ఈసారి స్పీకర్‌లో పెట్టలేదు. అయినా నాకు వినిపించింది. "వీడియో జూసిన. ఏం మాట్లాడకు. ఖాళీ జేసుకొని రా. వచ్చినంక మిల్లుకాడ తేల్చుకుందాం."

కుంకుమ పొట్లం నాగరాజు జేబులోనే ఉంది. బొట్టు మాత్రం పెట్టలేదు.

తిరుగు దారి

గోదాం లైనులోనే రాత్రి గడిచి, బస్తాలు దింపేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. ఖాళీ లారీ గంతులు వేస్తుంది. నిండు లారీలో కూర్చున్నవాళ్లకు ఈ తేడా తెలియదు. నా తల రెండుసార్లు పైకప్పుకు తగిలింది. దారిలో చెట్టు నీడ కనిపించగానే, "ఆపుండ్రి, నాకు నడుం నొస్తుంది," అన్నాను. నాకు నడుం నొప్పి లేదు. నేను దిగి చెట్టు కింద కూర్చుంటే, ఆయన స్టీరింగ్ మీద తల పెట్టి గురకపెట్టాడు. ఎండ వాలేదాకా లేపలేదు. ఆ తర్వాత మిర్యాలగూడ దాకా మిషన్ ఒక్కసారే అరిచింది, అది కూడా గేదెల మందను తప్పించినప్పుడు.

ఊరు చేరగానే నన్ను తమ ఇంటి దగ్గర దింపి, ఆయన లారీని మళ్లీ మిల్లు ముందు సీరియల్‌లో పెట్టడానికి పోయాడు. రేణుక కళ్లతోనే అడిగింది. జరిగినదంతా చెప్పాను. బొట్టు సంగతి విని తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

మర్నాడు పొద్దున

తెల్లవారగానే చాయ్ ఫ్లాస్కులో పోసుకుని మిల్లుకు వెళ్లాను. లారీ గేటుకు దగ్గర్లోకి వచ్చింది. నాగరాజు స్టీరింగ్ ముందు కూర్చుని ఉన్నాడు. రాత్రంతా అలాగే ఉన్నాడు.

"పోయి పండుండ్రి. సీరియల్ నేను జూస్త."

"నువ్వు బండి జరపలేవు గద."

"ముందటవి రెండే ఉన్నయి. పండుండ్రి."

అత్త మాట కాదనలేక సీటు వెనక ఉన్న బల్ల మీదికి పోయాడు. చాయ్ పోసేలోపే నిద్రపోయాడు. నేను దిగి గేటు పక్కన ఇటుకల మీద కూర్చున్నాను.

సేటు మోటర్‌సైకిల్ మీద వచ్చాడు. ఫోను తీసి వీడియో నా మొహం ముందు పెట్టాడు. అందులో నాగరాజు తెరిచిన కళ్లు ఉన్నాయి. పక్కన సగం నేను కూడా ఉన్నాను, కొంగు కప్పుకుని రోడ్డు చూస్తూ.

"ఇది నిద్ర గాదంటవా సైదమ్మా?"

"నిద్రనే."

"ఒప్పుకుంటున్నవా?"

"ఒప్పుకుంట. గా కెమెరా రాత్రి లైన్ల ఉన్నప్పుడు గూడ సూస్తదా సేటూ?"

"లైన్ల ఏం సూస్తది? ఇంజన్ బంద్ ఉంటే అది బంద్ ఉంటది. బండి నిలబడే ఉంటది గదా."

"బండి నిలబడ్డది. మనిషి పండలే. నిన్న రాత్రి పండలే, మొన్న పండలే. ఇప్పుడు పండిండు."

సేటు లారీ వైపు చూశాడు. క్యాబిన్ లోంచి గురక కిందికి వినిపిస్తోంది.

అప్పుడే గేటు తెరుచుకుంది. వాచ్‌మన్ మా లారీ నంబరు పిలిచాడు.

"లేపు," అన్నాడు సేటు. "సీరియల్ పోతది."

నేను లేవలేదు. రెండోసారి కూడా నంబరు పిలిచారు. వెనక లారీ హారన్ కొట్టింది. ఆ లైనులో తన వంతు వదిలినవాళ్లను నేను ఎన్నడూ చూడలేదు. లేచి ఆ లారీ ముందుకు పోయాను. డ్రైవర్ కిటికీలోంచి తల బయటపెట్టి తిట్టబోయాడు.

"హారన్ కొట్టకు బిడ్డా, మా అల్లుడు పండిండు," అన్నాను. "పక్క నుంచి పో. మా సీరియల్ నీదే."

ఆయన నమ్మక సేటు వైపు చూశాడు. నేనూ చూశాను. సేటు ఫోను జేబులో పెట్టుకుని, దారికి అడ్డంగా ఉన్న తన మోటర్‌సైకిల్‌ను పక్కకు జరిపాడు. ఆ లారీ మమ్మల్ని దాటుకుని లోపలికి పోయింది. దాని వెనక ఉన్నదానికి కూడా చెయ్యి ఊపాను.